ఎడమవైపు ఒక చుట్టు

పాత కార్బురేటర్ బండి వస్తే నా దగ్గరికి, కొత్త ఇంజెక్షన్ బండి వస్తే మా కోడలి దగ్గరికి. ఆ వేసవి మొదలయ్యేనాటికి మా షెడ్డులో పనిని అలా పంచుకున్నాం. పంచుకున్నాం అంటున్నాను గానీ, మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నదేమీ లేదు. బళ్ళే వాటంతట అవి చెరోవైపు వెళ్ళి నిలబడ్డాయి. నా వైపు ఏడాదికేడాది పలచబడుతుంటే, ఆమె వైపు నిలబెట్టడానికి చోటు చాలేది కాదు.

ఆ వీధిలో అందరూ నన్ను చెవి మేస్త్రీ అనేవారు. ముప్పై ఎనిమిదేళ్ళు మోటారు సైకిళ్ళు బాగుచేశాను, ఒక్కరోజు కూడా మీటరు వాడలేదు. ఇంజను నడుస్తుంటే పక్కన గొంతుక్కూర్చుని, తల కొంచెం వంచి విని, స్క్రూ పావు చుట్టు అటో ఇటో తిప్పేవాణ్ణి. బండి వీధి మలుపు తిరగకముందే దాని జబ్బేమిటో చెప్పేస్తానని జనం అనుకునేవారు. అందులో సగం నిజం, సగం వాళ్ళ అభిమానం. ఆ రెండో సగాన్ని కాదనాలని నాకెప్పుడూ అనిపించలేదు.

మా కోడలు పెళ్ళికి ముందు నాలుగేళ్ళు ఒక సర్వీసు సెంటర్లో పనిచేసింది. కాపురానికి వస్తూ ఒక సూట్‌కేసు బట్టలు, రెండు పెట్టెల పనిముట్లు, ఒక లాప్‌టాప్ తెచ్చుకుంది. మావాడు రైలింజను నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు ఇంటిపట్టున ఉండడు. ఇంట్లో ఏమీ తోచడం లేదని ఆమె ఒకరోజు షెడ్డుకి వచ్చింది. స్క్రూ లేని బండి కూడా ఒక బండేనా అని నేను తిప్పి పంపేసిన ఇంజెక్షన్ బండిని వెనక్కి పిలిచి, చేతులు కడుక్కునే తొట్టి పక్కన మూల నిలబెట్టుకుని బాగుచేసి పంపింది. రెండేళ్ళలో ఆ మూల సగం షెడ్డయింది. నాకు కడుపుమంటగా ఉండేదా అంటే ఉండేది. మా కోడలు ఇంత పనిమంతురాలని నలుగురూ అంటుంటే గర్వంగానూ ఉండేది. రెండూ ఒకే రోజున ఉండేవి.

ఆమెలో నాకు మరీ నచ్చిన సంగతి ఒకటుంది. నేను పని ముగించిన బళ్ళను తనే నడిపి తీసుకెళ్ళి వాళ్ళ వాళ్ళకి అప్పజెప్పి వచ్చేది. ఎండలో మీరెందుకు మామయ్యా, నేనిచ్చొస్తాలెండి అనేది. పెద్దవాణ్ణని గౌరవం కాబోలు అనుకుని మురిసిపోయేవాణ్ణి.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. మందుల డిపో మేనేజరు పొద్దున్నే వచ్చి తన గోడు వెళ్ళబోసుకున్నాడు. డిపోకి పది కొత్త బళ్ళు వచ్చాయి, పదీ ఇంజెక్షన్‌వే. పొగ తక్కువ రావాలని ఫ్యాక్టరీవాళ్ళు పెట్రోలు పిసినారితనంగా వదిలేలా పెట్టారట. వెనక రెండు మందుల పెట్టెలు కట్టుకుని ఆ ఎండలో మెల్లగా ఎత్తు ఎక్కుతుంటే బళ్ళు కుదుపుతున్నాయి, ఇంజను సెగలు కక్కుతోంది. మా కోడలు ఒక బండి నడిపి చూసి, ఒక్కో బండికి ఒక్కో ట్యూనర్ పెడితే సరిపోతుందంది. పదిరోజుల్లో అవి వచ్చాయి. సబ్బుపెట్టెంత నల్లటి డబ్బా, రెండు చివర్లా వైర్లు.

ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని తూచి చూస్తూ, ఇదేం చేస్తుందమ్మా అని అడిగాను.

"ఇంత పెట్రోలు పొయ్యమని బండి మెదడు ఇంజెక్టర్‌కి చెప్తుంది కదా మామయ్యా. ఇది ఆ మాటని మధ్యలో పట్టుకుని, కొంచెం పెంచి చెప్తుంది."

"అంటే అబద్ధం చెప్తుంది."

"మంచికే లెండి."

"అయితే నా కార్బురేటర్ బళ్ళకీ ఒకటి తగిలించు, చూద్దాం."

ఆమె నవ్వింది. "మీ బళ్ళలో అబద్ధం చెప్పడానికి ఎవరున్నారు? గాలి లాగితే పెట్రోలు వస్తుంది, అంతే కదా. అక్కడ జెట్టు మార్చాలి, సూది ఎత్తాలి, స్క్రూ తిప్పాలి. దానికి డబ్బా పనికిరాదు, మీ చెయ్యే కావాలి."

ఆ మాట నాకు రెండు రోజులు తియ్యగా ఉంది. డబ్బాకి ఒక పక్కన రబ్బరు మూత, దాని కింద రెండు చిన్న స్క్రూలు ఉన్నాయి. ఒకటి బండి నెమ్మదిగా పోతున్నప్పటికి, రెండోది బరువు లాగుతున్నప్పటికి. పెట్రోలు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఆమె పొగగొట్టంలో వాసన పట్టే ముక్కులాంటి మీటరొకటి బిగించి, లాప్‌టాప్ సంచీలో వేసుకుని వీధి చివర ఉన్న వంతెన ఎక్కి దిగి, అంకెలు చూసి, స్క్రూ వెంట్రుకవాసి తిప్పి, మళ్ళీ వంతెన ఎక్కేది. ఒక్కో బండికి పూటంతా పట్టేది. ఆ రెండు స్క్రూలూ నా చేతిలో పెడితే పావుగంటలో తేల్చేస్తానని టీ కొట్టు దగ్గర నేను గొప్పలు పోయేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఫ్రిజ్ గొడవ ఒకటి వచ్చింది. మంచినీళ్ళు తీసుకుని తలుపు సరిగా వెయ్యలేదు. తలుపు తెరిచి ఉంటే అది కీచుమంటూ అరుస్తుందట. నేను దాని ముందే కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాను. మా ఆవిడ పెరట్లోంచి తడి చేతులతో వచ్చి తలుపు మూసింది. పెరట్లో ఉన్న తనకి వినపడిందట, ఎదురుగా కూర్చున్న నాకు వినపడలేదా అని నిలదీసింది. పేపర్లో మునిగిపోయానన్నాను. అది నిన్నటి పేపరని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

చెవి డాక్టరుకి చూపించుకోమని ఆవిడ ఏడాదిగా పోరుతోంది. ఈ ఇల్లు నిలబడిందే నా చెవి మీద, దానికి జబ్బేమిటని కసిరేవాణ్ణి. లారీ హారన్ వినపడేది, సుత్తి దెబ్బ వినపడేది, మా ఆవిడ సాధింపు మరీ బాగా వినపడేది. లావు శబ్దాలన్నీ ఉన్నాయి. పోయినవి సన్నవి. పోయినవి వినపడవు కాబట్టి, పోయాయని మనిషికి తెలియదు. ఎవరైనా మెల్లగా మాట్లాడితే మాత్రం సగమే అందేది. అలాంటప్పుడు తల ఊపి నవ్వేవాణ్ణి. నవ్వు చాలా మాటలకి సరిపోతుంది.

ఒకరోజు మధ్యాహ్నం కోడలు భోజనానికి ఇంటికెళ్ళింది. అప్పుడొచ్చింది కొండావిడ. డిపోలో కొండదారి ఆమెది. పైన ఉన్న మూడు ఆస్పత్రులకి మందులు ఆమే చేరుస్తుంది. దాదాపు నా ఈడుది, నోటి దురుసు ఎక్కువ, మనసు మంచిది. పదకొండేళ్ళు పాత కార్బురేటర్ బండి మీద ఆ కొండ ఎక్కింది. ఆ బండికి నేను తప్ప ఇంకెవరూ చెయ్యి పెట్టింది లేదు. ఇప్పుడు డిపో వాళ్ళు దాన్ని తీసేసి కొత్త బండి ఇచ్చారు. మూడు రోజుల కిందటే మా కోడలు దానికి డబ్బా బిగించి పంపింది.

బండి బాగానే ఉందట. కుదుపు పోయిందట. అయినా ఆమెకి మనసు ఒప్పడం లేదు.

"అమ్మాయి బాగానే చేసింది మేస్త్రీ, కాదనను. కానీ ఒక్కసారి నువ్వు విని బాగుందంటే నాకు నిశ్చింత. పదకొండేళ్ళ అలవాటు."

ఆ మాటతో నా తల ఆకాశాన్నంటింది. బండి తీసుకుని వంతెన ఎక్కాను. నిజానికి ఏ లోపమూ లేదు. ఏ లోపమూ లేకపోతే నేను విన్నందుకు గుర్తేముంది? ఎండలో కొండ ఎక్కే బండి, ఇంకొంచెం పెట్రోలు పడితే చల్లగా ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. రబ్బరు మూత ఎత్తి, రెండో స్క్రూని ఎడమవైపు ఒక చుట్టు తిప్పాను. నేను చేసిన కార్బురేటర్లలో పెట్రోలు స్క్రూ అంతే. ఎడమకి తిప్పితే పెరుగుతుంది, కుడికి తిప్పితే తగ్గుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ సంగతి తలకి తెలియనక్కర్లేదు, చేతికే తెలుసు.

మళ్ళీ వంతెన ఎక్కాను. పెట్రోలు తక్కువై ఇంజను వేడెక్కితే, బరువు మీద సన్నగా ఒక చప్పుడు చేస్తుంది. నాకింగ్ అంటాం. రేకు డబ్బాలో గాజుముక్కలు కదిలినట్టుంటుంది. ఒకప్పుడు ఆ చప్పుడు నాకు వీధి అవతలి నుంచే అందేది. ఆ రోజు ఏ చప్పుడూ లేదు. ఇంజను వెన్నలా ఉంది. దిగి వచ్చి బండి ఆమెకిచ్చి, ఇప్పుడు చూసుకో అన్నాను. ఆమె సంబరంగా వెళ్ళిపోయింది. కోడలు తిరిగొచ్చాక ఆ సంగతి చెప్పలేదు. చెప్పడానికేముంది, చిన్న పని అనుకున్నాను.

ఆరో రోజున ఆ బండి ట్రాలీ మీద వచ్చింది. వెనకే మేనేజరు, కొండావిడ వచ్చారు. కొండ సగంలో ఇంజను పట్టేసిందట. అదృష్టం, ఎత్తు మీద మెల్లగా పోతోంది కాబట్టి ఆమె పడలేదు. చల్లగా ఉంచాల్సిన మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని నాలుగు మైళ్ళు ఎండలో నడిచి ఆస్పత్రికి చేర్చింది. పాదాలు బొబ్బలెక్కి, చెప్పులు సగమే తొడుక్కుని నిలబడింది.

కోడలు ఇంజను విప్పింది. పిస్టన్ తల మీద వేలు దూరేంత కన్నం ఉంది. అలాంటి కన్నం పెట్రోలు చాలకపోతేనే పడుతుంది. ఆమె డబ్బా చేతిలోకి తీసుకుని, రబ్బరు మూత ఎత్తి లోపలికి చూసింది. కాసేపు అలాగే చూసి మూత మూసేసింది.

మేనేజరు నన్ను కాదు, ఆమెనే అడిగాడు, దీనికేమంటారని. ఆమె నోరు తెరిచేలోపు కొండావిడ అందుకుంది. పెద్దాయన కూడా విని బాగుందన్నాడని, అంటే అప్పటిదాకా బాగానే ఉండి తర్వాతే ఆ డబ్బా మొరాయించి ఉంటుందని అంది. ఆమె నన్ను సమర్థిస్తోంది. నేను నేల చూపులు చూశాను.

"సెట్టింగు నాదే సార్," అంది మా కోడలు. "తప్పు నాదే. ఇంజను మేమే బాగుచేసిస్తాం."

మిగతా తొమ్మిది బళ్ళకీ డబ్బాలు పీకేసి పంపమని, ఇకమీదట కంపెనీ వర్క్‌షాపుకే వెళ్తామని మేనేజరు చెప్పాడు. కోపంగా అనలేదు, అలసటగా అన్నాడు. కొండావిడ మా కోడలి వైపు చూడకుండానే వెళ్ళిపోయింది. వాళ్ళు వెళ్ళాక డబ్బా బల్ల మీదే ఉంది. కోడలు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నేను మూత ఎత్తాను. స్క్రూ పక్కన ప్లాస్టిక్ మీద చిన్న బాణం గుర్తు ఉంది. కుడివైపు కూడిక గుర్తు, ఎడమవైపు తీసివేత గుర్తు. ఆ రోజు నేను చూసి ఉంటే కనబడేదే. చూడాలని నాకు తోచలేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ క్షణంలో చెప్పి ఉండొచ్చు. ఆ సాయంత్రం చెప్పి ఉండొచ్చు. తొమ్మిది రోజులు చెప్పలేదు. రోజుకొక బండి వచ్చేది, ఆమె డబ్బా విప్పి, వైర్లు చుట్టి, అట్టపెట్టెలో పెట్టేది. బండిని ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలా చేసి పంపేది. బాగున్నదాన్ని చేతులారా పాడుచెయ్యడం ఏ మెకానిక్కుకైనా ఎంత కష్టమో నాకు తెలుసు. వీధిలో మాటలు మొదలయ్యాయి. కంప్యూటరు నమ్ముకుంటే ఇంతేనని, ఎంతైనా చెవి మేస్త్రీ చెవి మేస్త్రీయేనని టీ కొట్టువాడు నాకు వినిపించేలా అన్నాడు. నేను తల ఊపి నవ్వాను. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నాను. మావాడు స్పీకర్ ఫోన్లో పెళ్ళాన్ని ఓదారుస్తున్నాడు, ఎంతవాళ్ళకైనా పొరపాటు జరుగుతుందని. ఆమె ఊఁ కొడుతోంది. పిరికితనానికి రుచి ఉంటుందని నాకప్పుడే తెలిసింది. చేదుగా ఉంటుంది, నాలుక వెనక ఉండిపోతుంది.

పదో రోజు మధ్యాహ్నం షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. ఆమె అట్టపెట్టెకి టేపు అంటిస్తోంది. నేను పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాను.

"అమ్మాయ్, ఆ కొండావిడ బండి స్క్రూ నేను తిప్పాను."

ఆమె టేపు అంటించడం ఆపలేదు. "తెలుసు మామయ్యా."

పెట్టెలోంచి ఒక డబ్బా తీసి నా చేతిలో పెట్టి, మూత ఎత్తింది. స్క్రూ తల మీద సగం, పక్కన ప్లాస్టిక్ మీద సగం పడేలా గోళ్ళరంగు చుక్క ఒకటి ఎర్రగా ఉంది. సెట్ చేశాక ప్రతిదానికీ అలా పెడుతుందట. స్క్రూ కదిలితే చుక్క రెండుగా చీలుతుంది. కొండావిడ బండి విప్పిన రోజునే ఆ చీలిన చుక్క చూసింది.

"చూసి కూడా తప్పు నాదే అన్నావా? ఎందుకమ్మా?"

ఆమె నా వైపు తిరిగి, నాకు స్పష్టంగా అందేలా చెప్పింది. అలా నా మొహం చూస్తూ, మాట మాట విడదీసి చెప్పడం ఆమెకి ఎప్పటి నుంచో అలవాటని అప్పుడు గమనించాను.

"స్క్రూ ఎటు తిప్పారన్నది పెద్ద విషయం కాదు మామయ్యా. ఎవరైనా తిప్పుతారు. తిప్పాక వంతెన ఎక్కారు కదా, నాకింగ్ వినపడలేదా అని అడుగుతారు. దానికి మీరేం చెప్తారు? నా పేరు ఇవాళ పోతే రేపు తెచ్చుకుంటాను, నాకింకా ముప్పై ఏళ్ళ పనుంది. మీకు…"

టేపు చుట్ట పక్కన పెట్టింది.

ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. పోయినేడాది నుంచి అంది. నేను చేసిన బళ్ళను అప్పజెప్పడానికి తీసుకెళ్తూ, ముందు వంతెన మీద నడిపి చూస్తుందట. తేడా ఉంటే పక్కన ఆపి సరిచేసి ఇస్తుందట. ఎన్నింటికి తేడా వచ్చిందని అడగబోయి ఊరుకున్నాను. ఏడాదిగా నా చెవి ఆమె తలలో ఉంది, పేరు మాత్రం నాకుంది. కొండావిడ బండి ఇంజెక్షన్‌ది, తను చేసిందే కాబట్టి దాన్ని మళ్ళీ చూడాల్సిన అవసరం ఆమెకి తోచలేదు.

నాకు ఏడుపొచ్చింది. కోడలి ముందు ఏడవకూడదని తొట్టి దగ్గరికెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నాను. ఆమె వెనక్కి తిరిగి, లేని పని చూసుకుంటూ నిలబడింది.

మర్నాడు పొద్దున్నే డిపోకి వెళ్ళాను. తనూ వస్తానంది కోడలు, వద్దన్నాను. అది బళ్ళకి పెట్టెలు కట్టే వేళ. పదిమంది వరసగా తాళ్ళు బిగిస్తున్నారు, రెండు మూడు ఇంజన్లు నడుస్తున్నాయి. మేనేజరు కాగితాల మీద టిక్కులు పెడుతున్నాడు. గదిలోకి రమ్మన్నాడు. అక్కర్లేదు, అందరి ముందే చెప్తానని, నిలబడిన చోటే చెప్పాను. స్క్రూ తిప్పింది నేనని, తప్పు వైపు తిప్పానని, తిప్పాక ఇంజను మొత్తుకుంటుంటే నాకు వినపడలేదని, నాకు ఏడాదిగా సరిగా వినపడటం లేదని చెప్పాను. చివరి మాట చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది.

ఒకరొకరుగా ఇంజన్లు ఆపేశారు. మేనేజరు పెన్ను మూత పెట్టి, మరి మీ కోడలు అలా ఎందుకు చెప్పిందని అడిగాడు. నన్ను కాపాడటానికి అన్నాను. ఆయన బళ్ళు మళ్ళీ పంపిస్తానన్నాడు. కానీ ఆమె తప్ప ఎవరూ ముట్టుకోకూడదన్నాడు. ఎవరూ అంటున్నప్పుడు నా వైపు చూడకుండా ఉండే మర్యాద చూపించాడు. సరేనన్నాను. ఆ వారంలోనే నా పాత ఖాతాదార్లు నలుగురు వేరే షెడ్డుకి మారిపోయారు. వాళ్ళని తప్పు పట్టలేను. మిగిలినవాళ్ళ కార్బురేటర్ బళ్ళ దగ్గర అప్పటి నుంచి ఆమె వింటుంది, నేను తిప్పుతాను. చాలు అన్నట్టు ఆమె చెయ్యెత్తగానే ఆపేస్తాను.

ఇదంతా తర్వాతి మాట. ఆ పొద్దున నేను వెనక్కి తిరుగుతుంటే కొండావిడ ఎదురుగా వచ్చి నిలబడింది. పాదాలకి ఇంకా గుడ్డలు కట్టుకునే ఉంది. ఏదో అంది. పెదవులు కదిలాయి, మాట అందలేదు. అలవాటు కొద్దీ తల ఊపి నవ్వబోయాను. నవ్వు మొహం దాకా వచ్చి ఆగిపోయింది.

"నాకు వినపడలేదమ్మా," అన్నాను. "కొంచెం దగ్గరికొచ్చి గట్టిగా చెప్పు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత చెవి దగ్గరికొచ్చింది.

"నెత్తిన పెట్టె, కింద కాలే నేల, నాలుగు మైళ్ళూ నీ కోడల్ని తిట్టుకుంటూ నడిచాను మేస్త్రీ. నోటికొచ్చిన తిట్టల్లా తిట్టాను. ఇప్పుడవన్నీ ఏం చెయ్యమంటావ్?"

"ఆ పిల్లవి కావు, నావి," అన్నాను. "నాకే ఇచ్చెయ్యి. ఒక్కటీ తగ్గించకు."

ఆమె నడుమున చేతులు పెట్టుకుని మొదలుపెట్టింది. పదిమందీ వింటున్నారు. నేను తల కొంచెం వంచి నిలబడ్డాను. అన్నీ వినపడ్డాయి.